ట్రోల్‌స్టిగెన్ మీదుగా ఐడ్స్‌డాల్ ఫెర్రీ దాకా: కారులో ఒంటరిగా వెళ్లినవాళ్లు చెప్పండి

నీలిలోయ
వచ్చే జూన్‌లో నార్వేలో ఓన్‌డల్స్‌నెస్ నుంచి గైరాంగెర్ దాకా 63వ నంబరు రోడ్డులో ఒక్కదాన్నే వెళ్తున్నాను. కారు అద్దెకు తీసుకుంటున్నాను, మాన్యువల్ గేర్లు. హైవేల మీద చాలా ఏళ్లుగా నడుపుతున్నాను కానీ ఘాట్ రోడ్డు అలవాటు లేదు. మధ్యలో లింగె రేవు దగ్గర, అవతలి ఒడ్డున ఉన్న ఐడ్స్‌డాల్‌కు ఫెర్రీ ఎక్కాలి. మధ్యాహ్నం ఫెర్రీ అందుకోవాలని లెక్క వేసుకుంటున్నాను. మలుపుల దగ్గర ఎలా నడపాలి, ఫెర్రీ టికెట్ ముందే కొనాలా? పక్కన దారి చూసి చెప్పేవాళ్లు ఉండరు కాబట్టి కొంచెం టెన్షన్‌గా ఉంది.

కొండగాలి
ఈ దారిలో రెండుసార్లు వెళ్లాను. అందరూ ట్రోల్‌స్టిగెన్ గురించే భయపెడతారు. 11 హెయిర్‌పిన్ మలుపులు, దాదాపు పది శాతం వాలు, 1936లో తెరిచిన పాత రోడ్డు, చాలాచోట్ల ఇరుకు. కానీ మీరు వెళ్లే దిక్కున అది ఎక్కుడు. ఎక్కేటప్పుడు బండి మన చేతిలో ఉంటుంది. రెండో గేరులో నిదానంగా వెళ్తే చాలు.

అసలు జాగ్రత్త ఫెర్రీ దాటాక కావాలి. ఐడ్స్‌డాల్ నుంచి కొండెక్కి, గైరాంగెర్‌లోకి దిగే దారిని ఓర్నెవేగెన్ అంటారు, డేగ దారి అని అర్థం. అక్కడా 11 మలుపులే. సుమారు 600 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ల అంచు దాకా దిగాలి. ఆ వాలు ఎక్కడానికి ఏ గేరు వేస్తారో దిగడానికీ అదే వేయండి. వేగాన్ని ఇంజనే ఆపుతుంది. బ్రేకు మీద కాలు పెట్టే ఉంచితే వేడెక్కి పట్టు తగ్గుతుంది. కాలిన వాసన వచ్చిందంటే వెంటనే పక్కన ఆపి చల్లారనివ్వండి, ఇంకో రెండు మలుపులే కదా అనుకోవద్దు.

బస్సులకు మలుపు మొత్తం కావాలి. పైనుంచి బస్సు కనబడితే మలుపులోకి దూరకుండా, దానికి ముందున్న తిన్నటి చోట ఆగండి. నీలం పలక మీద ఎమ్ అక్షరం ఉంటే అది ఎదురు బండికి దారి ఇవ్వడానికి వెడల్పు చేసిన జాగా. అక్కడ బండి పార్కు చేయకూడదు.

రేవుదీపం
ఫెర్రీ సంగతి నేను చెప్తాను. లింగె–ఐడ్స్‌డాల్‌కు ముందస్తు బుకింగ్ అక్కర్లేదు, వచ్చిన వరుసలోనే ఎక్కిస్తారు. కెమెరా నంబర్ ప్లేటు చదువుతుంది, బిల్లు బండి యజమానికి వెళ్తుంది. అద్దె కారైతే ఆ సంస్థ మీ దగ్గర వసూలు చేస్తుంది. దాటడానికి సుమారు పది నిమిషాలు, అంతే.

రేవులో నేల మీద గీసిన వరుసల్లో ఒకదాంట్లో ఆగి, సిబ్బంది చెయ్యి చూపే దాకా కదలకండి. ఎక్కేచోట ఇనుప పలక మీద చిన్న కుదుపు ఉంటుంది, నడక వేగంతో ఎక్కండి. లోపల ముందున్న కారుకు దగ్గరగా ఆపమంటారు. హ్యాండ్ బ్రేకు వేసి, మొదటి గేరులో పెట్టి, ఇంజన్ ఆపండి. పడవ ఊగినప్పుడు దొంగతనం అలారం మోగే కార్లున్నాయి, దాన్ని ఎలా ఆపాలో కారు తీసుకునే రోజే అడిగి పెట్టుకోండి.

మబ్బుదారి
నీలిలోయ గారూ, మీరు "మధ్యాహ్నం ఫెర్రీ అందుకోవాలి" అన్నారు కదా, దాని గురించి ఒక మాట. నేనూ అలాగే ఒక టైము మనసులో పెట్టుకుని బయలుదేరాను. పైన పొగమంచు, ఇరవై అడుగులు కూడా కనబడలేదు. ఆగాల్సింది. ఆగితే ఫెర్రీ పోతుందని ఆగలేదు. వాల్‌డాల్ వైపు దిగుతూ వేగం పెంచాను. ఒక వంపులో రోడ్డుకు అడ్డంగా గొర్రె, వెనక రెండు పిల్లలు. బండి వాటికి రెండు మూడు అడుగుల దూరంలో ఆగింది. రేవుకు చేరేసరికి ఫెర్రీ ఒడ్డు వదిలి వెళ్తోంది. ఇంకోటి అరగంటలోపే వచ్చింది. ఆ అరగంటా స్టీరింగ్ మీద చేతులు వణుకుతూనే ఉన్నాయి. ఒంటరిగా ఉన్నప్పుడు "నెమ్మదిగా వెళ్లు" అనే గొంతు పక్కన ఉండదు. అందుకే టైము పెట్టుకోకండి.

రేవుదీపం
మబ్బుదారి గారు చెప్పింది లింగె విషయంలో పూర్తిగా నిజం. అన్ని ఫెర్రీలూ అలా ఉండవు. గైరాంగెర్ నుంచి హెల్లెసిల్ట్ వెళ్లేదాన్ని తీసుకోండి. ప్రయాణం గంటకు పైనే, ట్రిప్పుల మధ్య ఎడం ఎక్కువ, వేసవి రద్దీలో బుక్ చేసుకోవడమే మంచిది. నీలిలోయ గారూ, అదీ ఎక్కేట్టయితే అదే రోజు పెట్టుకోవద్దు. రాత్రికి గైరాంగెర్‌లో ఉండి మర్నాడు ఎక్కండి. 2005లో యునెస్కో జాబితాలో చేరిన ఫియోర్డ్ అది, అంటే కొండల మధ్యకు చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. ఏడుగురు అక్కచెల్లెళ్లు అని పిలిచే జలపాతం డెక్ మీంచి కనబడుతుంది. అలసిపోయి కారులో కునుకు తీస్తూ దాటేయడం నాకు నచ్చదు.

పచ్చరాయి
రోడ్డు తెరిచి ఉందో లేదో ఆ ఉదయమే చూసుకోండి. ట్రోల్‌స్టిగెన్ చలికాలమంతా మూసే ఉంటుంది, మామూలుగా మే నెలలో మంచు తీసి తెరుస్తారు. 2024లో రాళ్లు పడుతున్నాయని వేసవిలోనే మూసేశారు. రోడ్ల శాఖ సమాచారం కోసం నార్వే ఫోన్ నుంచి 175కు చేయొచ్చు. మూసేస్తే షోహోల్ట్ మీదుగా 650వ నంబరు రోడ్డు పట్టుకుని లింగె చేరవచ్చు, దూరం ఎక్కువే. ఇంకోటి, పగలైనా హెడ్‌లైట్లు వేసే నడపాలి, అక్కడ అది చట్టం.

కరెంటుబండి
ఎలక్ట్రిక్ కారు వాళ్ల కోసం: ఎక్కేటప్పుడు చార్జ్ గబగబా పడిపోతుంటే కంగారు పడకండి, దిగేటప్పుడు మోటారే బండిని పట్టి ఆపుతూ కొంత తిరిగి నింపుతుంది. బ్యాటరీ నిండుగా ఉంటే మాత్రం ఆ పట్టు సరిగా దొరకదు. కాబట్టి కొండ మీద బస చేసినా నూరు శాతం చార్జ్ పెట్టి దిగడం మొదలుపెట్టవద్దు.

నీలిలోయ
వెళ్లొచ్చాను. అందరికీ నిజంగా కృతజ్ఞతలు.

ఉదయం ఆరింటికే బయలుదేరాను కాబట్టి ఎక్కేటప్పుడు ఒక్క బస్సు కూడా ఎదురు రాలేదు. స్టిగ్‌ఫాసెన్ జలపాతం పక్కనున్న వంతెన మీద అద్దమంతా తుంపర. పైకి చేరేసరికి మబ్బు కమ్మేసింది. మబ్బుదారి గారి గొర్రె గుర్తొచ్చి పార్కింగ్‌లోనే ఆగిపోయాను. గంటకు పైగా కూర్చున్నాను. మబ్బు విడిపోయాక చూసే వేదిక దాకా నడిచి కిందికి చూస్తే, నేను ఎక్కొచ్చిన మలుపులన్నీ ఒకదాని కింద ఒకటి. ఇంత దారి నేనే నడిపానా అనిపించి కళ్లు చెమర్చాయి.

గుడ్‌బ్రాండ్స్‌యూవె దగ్గర ఇంకోసారి ఆగాను, నది సన్నటి రాతి సందులో పడి హోరెత్తుతోంది. లింగెలో ఎన్ని ఫెర్రీలు వెళ్లిపోయాయో చూసుకోలేదు. ఓర్నెవేగెన్ మొత్తం రెండో గేరులోనే దిగాను. వెనక ఒక కారు తొందరపెడితే వెడల్పు చోట పక్కకు తీసి పోనిచ్చాను.

ఫెర్రీ డబ్బులు మూడు వారాల తర్వాత అద్దె సంస్థ నా కార్డు నుంచి తీసుకుంది, మీద సేవా రుసుము కూడా వేసింది. ఆ రుసుము ఎంతో కారు తీసుకునేటప్పుడే కాగితం మీద చూసుకోండి, నేను అడగలేదు.