అప్‌డేట్: ఇంటి కాగితాల సమస్య తీరింది, 'మూవ్ టు ఫ్రంట్' పనిచేసింది

కరెంటు బిల్లులు, ఇన్సూరెన్స్ పాలసీలు, నాన్నగారి మెడికల్ రిపోర్టులు, పిల్లల సర్టిఫికెట్లు అన్నీ కలిసిపోయి, కావాల్సినప్పుడు ఏదీ దొరకట్లేదని, దీనికి కంప్యూటర్ సైన్స్‌లో పద్ధతేదైనా ఉందా అని ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది 'మూవ్ టు ఫ్రంట్'. ఒక్కో విషయానికి ఒక్కో కవరు పెట్టి, అన్నిటినీ ఒకే వరుసలో నిలబెట్టాం. ఏ కవరు తీసినా, తిరిగి పెట్టేటప్పుడు పాత చోట కాకుండా వరుస మొదట్లో, ఎడమ వైపు పెట్టాలి, అంతే. నాన్నగారి షుగర్ రిపోర్టులు, గ్యాస్ పుస్తకం వాటంతట అవే ముందుకొచ్చేశాయి. వరుసను మొదటి నుంచి వెతికేటప్పుడు ఈ పద్ధతికి పట్టే శ్రమ, రేపు ఏది కావాలో ముందే తెలిసినవాళ్లు సర్దినా పట్టే శ్రమకు సుమారు రెండింతలు దాటదని డేనియల్ స్లేటర్, రాబర్ట్ టార్జాన్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తలు 1985లో నిరూపించారు. భవిష్యత్తు తెలియకుండానే ఇంత హామీ దొరకడం నిజంగా అద్భుతం.

అక్షరక్రమంలో సర్దడం, బైనరీ సెర్చ్ (క్రమంలో ఉన్నవాటిలో మధ్యది చూసి, ప్రతిసారీ సగం వదిలేస్తూ వెతకడం) మాకు అక్కర్లేకపోయాయి. ఎప్పుడో ఒకసారి వెతికే ఇంట్లో, వెతికే శ్రమ కంటే సర్దే శ్రమే ఎక్కువ. పైగా ఒకే కాగితాన్ని అమ్మ ఒక పేరుతో, నేను ఒక పేరుతో వెతుకుతాం. రంగు స్టిక్కర్ల వల్ల కూడా తేడా ఏమీ రాలేదు.

ఇంటి దస్తావేజులు, పట్టాదారు పాసుపుస్తకం మాత్రం ఈ వరుసలో పెట్టకండి. ఏళ్ల తరబడి తీయం కాబట్టి అవి వరుసలో అన్నిటికంటే వెనక్కి చేరతాయి, పనికిరానివనుకుని ఎవరైనా పారేయవచ్చు. మావి బీరువా లాకర్లో విడిగా ఉన్నాయి.