34401ఏ మల్టీమీటరులో చివరి అంకెలను ఎంతవరకు నమ్మవచ్చు?

ప్రశ్న: బెంచ్_వరంగల్
అందరికీ నమస్కారం. మా మరమ్మతు కేంద్రానికి ఆరున్నర అంకెల హెచ్‌పీ 34401ఏ మల్టీమీటరును సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నాము. 10 వోల్టుల రిఫరెన్సుకు 0.1 శాతం టాలరెన్సు (విలువలో ఉండగల తేడా) గల 1 మెగా ఓమ్ రెసిస్టర్లు రెండింటిని సిరీస్‌లో కలిపి మధ్యలో కొలిస్తే, 5 వోల్టులు రావలసి ఉండగా 4.762 చూపుతోంది. చేతి మీటరు కూడా దాదాపు అంతే చూపుతున్నందున రెసిస్టర్లనే అనుమానిస్తున్నాను. పైగా చివరి అంకెలు ఉదయం ఒకలా, మధ్యాహ్నం మరొకలా ఉంటున్నాయి. మా గదిలో ఏసీ లేదు, మధ్యాహ్నానికి 36 డిగ్రీలకు చేరుతుంది. మీటరును ఎలా సిద్ధం చేసుకోవాలో అనుభవజ్ఞులు దయచేసి వివరించగలరు.

సమాధానం: కొలత_మిత్ర
రెసిస్టర్లను మార్చకండి. ఈ మీటరు ఆన్ చేసిన ప్రతిసారీ డీసీ వోల్టేజి రేంజిలన్నింటిలోనూ ఇన్‌పుట్ రెసిస్టెన్సును (ప్రోబుల మధ్య మీటరుకు ఉండే సొంత రెసిస్టెన్సును) 10 మెగా ఓమ్‌ల వద్దే ఉంచుతుంది. చేతి మీటర్లలోనూ సాధారణంగా అంతే ఉంటుంది కనుక రెండూ ఒకే తప్పును ఒకే మేరకు చూపాయి. మధ్య బిందువు నుంచి చూస్తే మీ సర్క్యూటు రెసిస్టెన్సు 500 కిలో ఓమ్‌లు. 5 వోల్టులను 10.5తో భాగించి 10తో హెచ్చిస్తే 4.7619 వస్తుంది, మీరు చూసినది అదే. మెనూలోని ఇన్‌పుట్ రెసిస్టెన్సు దగ్గర 10 గిగా ఓమ్‌లకు పైబడినదాన్ని ఎంచుకుంటే, 10 వోల్టులు, అంతకు దిగువ రేంజిలలో మీటరే సర్క్యూటు నుంచి కరెంటు లాగి వోల్టేజిని తగ్గించే ఈ లోడింగ్ దాదాపు పోతుంది. పవర్ తీయగానే ఈ సెట్టింగు చెరిగిపోతుంది కనుక మళ్లీ పెట్టుకోవాలి. అప్పుడు ప్రోబులు దేనికీ తగలకుండా ఉంటే అంకెలు వాటంతట అవే కదులుతాయి, అది లోపం కాదు.

సమాధానం: సూక్ష్మమాపకుడు
మధ్యాహ్నపు తేడాకు వేడే ప్రధాన కారణమని నా అభిప్రాయం. 10 వోల్టుల రేంజిలో ఈ మీటరుకు ఇచ్చిన ఏడాది కచ్చితత్వం రీడింగులో 0.0035 శాతం, దానికి తోడు రేంజిలో 0.0005 శాతం, 5 వోల్టుల వద్ద ఇది 225 మైక్రోవోల్టులు. అయితే అది 18 నుంచి 28 డిగ్రీల మధ్య, గంటసేపు ఆన్‌లో ఉంచిన మీటరుకే వర్తిస్తుంది. 28 దాటిన ప్రతి డిగ్రీకి మరో 35 మైక్రోవోల్టులు కలపాలి కాబట్టి, 36 డిగ్రీల వద్ద అదనంగా చేరేదే 280. మీ రిఫరెన్సు, రెసిస్టర్లు కదిలేది దీనికి అదనం. కనుక ముఖ్యమైన కొలతలను ఉదయమే ముగించండి.

ఆరు అంకెల స్లో మోడ్‌లో మీటరు 100 మెయిన్స్ (ఏసీ విద్యుత్ సరఫరా) సైకిళ్లపై, అంటే మన 50 హెర్ట్జ్‌కు 2 సెకన్లపాటు సగటు తీస్తుంది; ఆ సరఫరా నుంచి కొలతలోకి చొరబడే హమ్ అందులో చాలావరకు రద్దవుతుంది. మీటరు తన సొంత సున్నా లోపాన్ని తానే తీసివేసే ఆటో జీరోను ఆన్‌లోనే ఉంచండి. సెకండ్ హ్యాండ్ మీటరు కాబట్టి ఎన్‌ఏబీఎల్ (ల్యాబులకు గుర్తింపునిచ్చే జాతీయ సంస్థ) గుర్తింపు ఉన్న ల్యాబులో కాలిబ్రేషన్ (ప్రామాణిక విలువలతో సరిచూడడం) చేయించనిదే ఈ అంకెలను కచ్చితమని అనలేము. సర్దుబాటుకు ముందటి రీడింగులను కూడా సర్టిఫికెట్‌లో నమోదు చేయమని తప్పక అడగండి.

బెంచ్_వరంగల్
సెట్టింగు మార్చగానే 4.9988 వచ్చింది. ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇదే మీటరుతో 0.1 ఓమ్ షంటును (కరెంటు కొలతకు వాడే అతి చిన్న రెసిస్టరును) నాలుగు తీగల పద్ధతిలో, అంటే కరెంటుకు రెండు, వోల్టేజికి వేరే రెండు తీగలతో, నేరుగా కొలవవచ్చా?

సమాధానం: కొలత_మిత్ర
కొలవవచ్చు, కానీ ఫలితం మీకు ఉపయోగపడదు. అతి చిన్న రేంజి 100 ఓమ్‌లు. అందులో రేంజికి చెందిన లోపమే 0.004 శాతం, అంటే 4 మిల్లీ ఓమ్‌లు. మీ షంటుకు అది 4 శాతం అవుతుంది. దానికి బదులు షంటు గుండా 1 ఆంపియరు పంపి, కరెంటును సిరీస్‌లో మరో మంచి మీటరుతో కొలుస్తూ, షంటు సెన్స్ కొసల (వోల్టేజి కొలిచే కొసల) మధ్య వోల్టేజిని 34401ఏలో 100 మిల్లీవోల్టుల రేంజిలో చూడండి. కరెంటు లేనప్పుడు నల్ (అప్పటి రీడింగును తర్వాతి వాటి నుంచి తీసివేసే బటన్) నొక్కితే రాగి, టంకం కలిసే చోట పుట్టే కొద్ది మైక్రోవోల్టులు తీసివేతలో పోతాయి. షంటులో 0.1 వాట్ ఖర్చవుతుంది కనుక రీడింగు నిలకడగా ఉన్నాకే రాసుకోండి.