అప్‌డేట్: ఫుల్‌స్టాప్ ఉన్నా ఐఎఫ్ ఎందుకు ఆగలేదో దొరికింది

కొత్తగా చూసేవాళ్ల కోసం నా ప్రశ్న మళ్లీ చెప్తాను. నాకు అప్పగించిన పాత కోబాల్ (ఒక ప్రోగ్రామింగ్ భాష) ప్రోగ్రామ్‌లో డిస్కౌంట్ ఉన్న బిల్లులకే నికర మొత్తం సరిగ్గా వస్తోంది. డిస్కౌంట్ లేకపోతే అంతకుముందు బిల్లు మొత్తమే మళ్లీ ప్రింట్ అవుతోంది. డిస్కౌంట్ ఉందా అని చూసే ఐఎఫ్ (షరతు) చివర దాన్ని ముగించే ఫుల్‌స్టాప్ ఉంది కదా, నికర మొత్తం లెక్కకట్టే కింది కంప్యూట్ లైన్ ఐఎఫ్ లోపలికి ఎలా పోయిందని అడిగాను.

"కాలమ్ నంబర్ చూడండి" అన్నవారికి వేల దండాలు. ఆ ఫుల్‌స్టాప్ సరిగ్గా 73వ కాలమ్‌లో, అంటే లైన్‌లో 73వ అక్షరం చోట ఉంది! ఫిక్స్‌డ్ ఫార్మాట్‌లో (ఏ కాలమ్‌లో ఏం రాయాలో ముందే నిర్ణయించిన పద్ధతి) కంపైలర్, అంటే కోడ్‌ను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే ప్రోగ్రామ్, 72 దాకానే చదువుతుంది. 73 నుంచి 80 వరకు ఏం రాసినా దానికి లెక్కలేదు. 80 కాలమ్‌ల పంచ్ కార్డుల కాలం నాటి ఏర్పాటు ఇది. మొదటి 6 వరుస సంఖ్యకు, 7వది కామెంట్ నక్షత్రం లాంటి గుర్తులకు. డివిజన్, సెక్షన్, పేరాగ్రాఫ్ పేర్లు 8–11 మధ్య మొదలవ్వాలి, మూవ్, యాడ్ లాంటి ఆదేశాలు 12 నుంచి.

మనకు కనిపించిన ఫుల్‌స్టాప్ కంపైలర్‌కు లేనట్టే. అందుకే కంప్యూట్ కూడా ఐఎఫ్‌లో కలిసిపోయింది, ఎర్రర్ కూడా రాలేదు.

ఫుల్‌స్టాప్‌ను వెనక్కి జరిపితే సరిపోయేదే, కానీ నేను ఎండ్-ఐఎఫ్ పెట్టాను. 1985 ప్రమాణం నుంచి ఉన్న సౌకర్యం, బ్లాక్ ఎక్కడ ముగిసిందో కంటికి తెలుస్తుంది. ఇప్పుడు అన్ని బిల్లులూ సరిగ్గా వస్తున్నాయి. మిగతా ప్రోగ్రామ్‌లలోనూ 72 దాటిన లైన్లు వెతుకుతున్నాను.