పాత పట్టుచీరల ఆన్‌లైన్ అమ్మకం: అడిగేవాళ్లు వందమంది, కొనేవాళ్లు నెలకి ఆరుగురు

చీరలమూట (కూకట్‌పల్లి)

అందరికీ నమస్కారం. పద్నాలుగు నెలల క్రితం పాత పట్టుచీరలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాను. పాతవంటే చిరిగినవి కావు. పెళ్లికో గృహప్రవేశానికో రెండుసార్లు కట్టి బీరువాలో పెట్టేసినవి. మొదటి పదీ మా అమ్మవి, పిన్నివి, మా తోడికోడలివి. నెలరోజుల్లో అయిపోయాయి. అదే నా కొంప ముంచింది. ఇదేదో బాగానే ఉందే అని తెలిసినవాళ్ల దగ్గర 22 చీరలు ఒకేసారి డబ్బిచ్చి తీసుకున్నాను. రూ.38 వేలు. వాటిలో 13 ఇప్పటికీ మా దివాన్ కింద పెట్టెలోనే ఉన్నాయి.

ఇన్‌స్టాలో 1,900 మంది ఉన్నారు, వాట్సాప్ బ్రాడ్‌కాస్ట్‌లో 210 మంది. ధరలు రూ.1,800 నుంచి రూ.6,500 దాకా. ఏ చీర పెట్టినా 'ప్రైస్ ప్లీజ్' అని ముప్పైమంది అడుగుతారు. ధర చెప్పాక చప్పుడుండదు. నెలకి ఆరో ఏడో పోతున్నాయి, పోయిన నెల మూడే. రూ.3,000 పెట్టి ప్రకటన వేస్తే ఫాలోవర్లు మూడొందలమంది పెరిగారు గానీ చీర ఒక్కటీ కదల్లేదు. ఇరవై శాతం తగ్గించాను. అంతకు వారం ముందు కొన్నావిడ ఫోన్ చేసి, 'మరి నాకెందుకు ఎక్కువకి అంటగట్టావ్' అని ఉతికేసింది. క్యాష్ ఆన్ డెలివరీ పెడితే నాలుగు వెళ్లాయి, రెండు తిరిగొచ్చాయి, రానూపోనూ కొరియర్ ఖర్చు నా నెత్తిన పడింది. 'నువ్వు చీరలు అమ్ముతుంటే ఇంట్లో చీరలు పెరుగుతున్నాయేమిటి' అని మావారు.

ఇంకోటి కూడా అడగాలి. కొందరు 'ఇది ఎవరు కట్టింది?' అంటారు. నా దగ్గరున్న వాటిలో మూడు చీరలు కాలం చేసినావిడవి. నేను ఆ మాట చెప్పట్లేదు. తప్పా?

రీల్స్‌రాజా

మేడమ్, రోజుకి రెండు రీల్స్, ట్రెండింగ్ పాట, పదిహేను హ్యాష్‌ట్యాగ్‌లు. అల్గారిథం ఒక్కసారి పట్టుకుందంటే మిమ్మల్ని ఆపేవాళ్లుండరు.

చీరలమూట

నలభై రీల్స్ చేశానండి. ఒకదానికి 41 వేల వ్యూస్ వచ్చాయి. కింద కామెంట్లన్నీ నా వెనకాల ఫ్రిజ్ మీదున్న కొండపల్లి బొమ్మ ఎక్కడ దొరుకుతుందని.

పెట్టెలోపట్టు (విజయవాడ)

అమ్మాయ్, ముందు ఆ పదమూడు చీరల్నీ బయటికి తీసి మడతలు మార్చు. మిగతాది తర్వాత మాట్లాడుకుందాం. పట్టు నెలల తరబడి ఒకే మడత మీదుంటే ఆ గీత దగ్గరే పిగులుతుంది. బంగారంలాంటి ధర్మవరం చీర నేనలాగే పాడుచేసుకున్నాను. కలరా ఉండలు జరీకి తగలకూడదు, గుడ్డలో మూటకట్టి ఓ మూలన పెట్టు.

బ్యాంకు ఉద్యోగం మానేసిన దగ్గర్నుంచి, అంటే ఆరేళ్లుగా, ఇదే నా పని. ఇన్‌స్టా లేదు, వాట్సాప్ ఒక్కటే. దాంతోపాటు ఒక లాంగ్ నోట్‌బుక్ ఉంది. అట్ట మీద 'అడిగి పోయినవాళ్లు' అని రాసుకున్నాను. డిపాజిట్ చేసినవాళ్ల కంటే, కౌంటర్ దాకా వచ్చి వెనక్కి తిరిగినవాళ్ల గురించే మా మేనేజర్ గారు ఎక్కువ ఆరా తీసేవారు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. ఎవరు, ఏ చీర, ఏమడిగారు, ఏ మాట దగ్గర ఆగిపోయారు. అంతే రాస్తాను.

మొదటి ఏడాది ఆఖర్న కూర్చుని లెక్కేశాను. అడిగి కొననివాళ్లు 64 మంది. ధర ఎక్కువన్నవాళ్లు అందులో 11 మందే. జాకెట్టు గుడ్డ ఉందా అనడిగి, లేదనగానే మాయమైనవాళ్లు 23 మంది! నేనేమో అప్పటిదాకా ధరలు తగ్గించుకుంటూ కూర్చున్నాను.

తర్వాత ఆలోచిస్తే అందులో వింతేమీ లేదు. చీరతో వచ్చిన జాకెట్టు ముక్క మొదట కట్టినావిడ ఎప్పుడో కోసి కుట్టించేసుకుంటుంది. ఆ జాకెట్టు ఇంకొకళ్లకి పట్టదు. మన చీర కొన్న మనిషి అంచు రంగు పట్టుకుని మ్యాచింగ్ సెంటర్లు తిరగాలి, టైలర్ చుట్టూ పదిరోజులు తిరగాలి. శుక్రవారం ఫంక్షన్ ఉంటే ఎవరు పెట్టుకుంటారు ఆ తలనొప్పి? వెళ్లి కొత్త చీరే కొనుక్కుంటారు.

అప్పట్నుంచీ అమ్మకానికి పెట్టబోయే చీర సంచిలో వేసుకుని వన్‌టౌన్‌లో బట్టల కొట్లుండే వస్త్రలతకి పోతాను. అంచుకి కలిసే గుడ్డ రూ.150కో 250కో తీసుకుని, ఫొటోలో చీర పక్కనే మడిచి పెడతాను. చీర ధరలో రూ.400 కలుపుతాను. దాని మీద బేరమాడినవాళ్లు ఇంతవరకూ లేరు. ఆవిడ కుట్టించుకున్న పాత జాకెట్టు ఉంటే అది కూడా పారెయ్యను. చేతుల దగ్గరి జరీ అంచు విప్పించి కొత్త గుడ్డకి వేయించుకోవచ్చు. ఈ సంగతి చెబితే కొనేవాళ్ల గొంతే మారిపోతుంది.

'ప్రైస్ ప్లీజ్' అనే అవసరం వాళ్లకెందుకు రావాలి? ధర ఫొటో కిందే రాయి. ముప్పైమంది అడగరు, నలుగురే అడుగుతారు, ఆ నలుగురూ కొనే ఆలోచన ఉన్నవాళ్లు. నీకు ఫోన్ పట్టుకునే బాధా తగ్గుతుంది.

తగ్గింపు మాత్రం పెట్టకు. పెద్ద కొట్లు ఆషాఢంలో తగ్గిస్తాయంటే వాళ్లకి అలాంటివే ఇంకో యాభై గోడౌన్‌లో ఉంటాయి. మనది ఏ చీరకా చీరే. నేను ఆషాఢంలో కొంటాను, అమ్మను. ఇళ్లలో బీరువాలు సర్దే కాలమది, మంచివి దొరుకుతాయి. శ్రావణమాసానికి వారం ముందు బయటపెడతాను. మూఢాలున్నన్నాళ్లూ పెళ్లికి కట్టే బరువు చీరలు చూపించి లాభం లేదు. ఆ రోజుల్లో మంగళగిరి, వెంకటగిరి లాంటివి, ఆఫీసుకి కట్టుకునేవి పెడతాను. పంచాంగం చూడకుండా పట్టుచీర అమ్మేవాళ్లని నేనెక్కడా చూళ్లేదు.

210 మందికి బ్రాడ్‌కాస్ట్ పంపుతున్నానన్నావు. నీ నంబర్ తమ ఫోన్‌లో సేవ్ చేసుకోని వాళ్లకి అది అసలు చేరదు, తెలుసా? నాకు రెండేళ్లకి తెలిసింది, మా మనవడు చెబితే. ఇప్పుడు ప్రతి పార్సిల్‌లో చిన్న చీటీ పెడతాను, 'ఈ నంబర్ సేవ్ చేసుకుంటేనే కొత్త చీరలు కనబడతాయి' అని.

డబ్బు చేతికి రాకుండా చీర పంపకు. నచ్చకపోతే మూడు రోజుల్లో వెనక్కి పంపమను, పంపే ఖర్చు వాళ్లది, వాళ్ల డబ్బు అదేరోజు వాపసు. ఆరేళ్లలో నాకు తొమ్మిది తిరిగొచ్చాయి. రెండిట్లో తప్పు నాదే, మరక చూసుకోలేదు.

ఇక పోయినావిడ చీరలు. చెప్పు తల్లీ. మా వీధిలో ఒకమ్మాయి వాళ్లమ్మ చీరలు ఐదు తెచ్చిచ్చింది. 'పెట్టెలో పెట్టుకుని ఏడవలేను పిన్నీ, ఎవరైనా కడితే బావుణ్ణు' అంది. ఫొటో కింద అదే రాశాను: పెద్దావిడ చీర, ఆవిడ లేరు, కూతురు ఇచ్చింది. పట్టింపు ఉన్నవాళ్లు అక్కడే తప్పుకున్నారు, మంచిదే. నాలుగు చీరలు పోయాయి. ఐదోది ఏణ్ణర్థం ఉంది, కదల్లేదు. చివరికి ఆ డబ్బు ఆ అమ్మాయికిచ్చేసి నేనే కట్టుకున్నాను. దాచిపెట్టి అమ్మావనుకో, తర్వాత ఎక్కడో తెలిసిందనుకో, వాళ్లు ఆ చీర ఒక్కటే కాదు, నీ దగ్గర కొన్నవన్నీ అనుమానంగా చూస్తారు.

గద్వాలపిచ్చి (సిద్దిపేట)

అక్కా, నేను అమ్మేదాన్ని గాదు, కొనేదాన్ని. ఇప్పటిదాంక ఆన్‌లైన్ల పాత చీరలు పదకొండు కొన్న, అందుల ఏడు గద్వాలయే. కొనేటోళ్ల దిక్కుకెల్లి చెప్త.

ట్యూబ్‌లైట్ కింద ఫొటో తియ్యకు. మెరూన్ రంగని తెప్పిస్తే ఇటుకరంగు వచ్చింది నాకు. పొద్దుగాల కిటికీ కాడ తియ్యి. చీర తిరగేసి వెనక దిక్కు గూడ చూపియ్యి, చినుగు, రఫ్ఫు (చినిగిన కాడ దారంతోని అల్లింది) ఏదున్నా ఆడ తెలుస్తది. గద్వాల అయితే నూలు నేతకు పట్టు అంచు కలిసే కాడ దగ్గరికెల్లి వీడియో తియ్యాలె. చీర ముందుగాల పోయేదే ఆడ. అది చూపియ్యకుంటే నేను మెసేజ్ గూడ పెట్ట. జరీ నల్లబడ్డదా, రాగి రంగు తేలిందా, అది గూడ చూపియ్యి.

'పట్టేనా?' అని మేము అడుగుతం, కోపం తెచ్చుకోకు. కొంగు కుచ్చుల్లకెల్లి ఒక్క పోగు తీసి కాల్చి వీడియో పెట్టు. పట్టయితే బూడిద వేలితో నలిపితే పొడిపొడి అయితది, పాలిస్టరయితే గట్టి పూస లెక్క మిగుల్తది. అసలు పట్టని చెప్పే సిల్క్ మార్క్ చీటీ ఏదని ఒకామె గొడవ వెట్టుకుంది నా దోస్తుతోని. ఆ మార్క్ వచ్చిందే 2004ల. మా అమ్మ పెండ్లి చీరకు యాడికెల్లి వస్తది?

లెక్కలబాబాయ్

అమ్మాయి గారికి ఒక్క మాట. ఇంట్లో చీర అమ్ముకోవడం వేరు, కొని అమ్మడం వేరు. రెండోది వ్యాపారం. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి సరుకుల అమ్మకాల పరిమితి ఆంధ్రలో ఏడాదికి 40 లక్షలు, మీ తెలంగాణలో 20 లక్షలు. మీరు దాని దరిదాపుల్లో లేరు. అయితే వేరే రాష్ట్రానికి అమ్మితే సాధారణంగా ఆ పరిమితి వర్తించదు, మొదటి అమ్మకం నుంచే రిజిస్ట్రేషన్ అడుగుతారు. చేతివృత్తుల సరుకుకి కొన్ని మినహాయింపులున్నాయి. కూకట్‌పల్లి నుంచి విజయవాడకి పంపినా వేరే రాష్ట్రమే కదా ఇప్పుడు. మీవి ఏ లెక్కలోకి వస్తాయో దగ్గర్లో ఆడిటర్‌ని ఒకసారి అడగండి. పాత వస్తువులు కొని అమ్మేవాళ్లకి కొన్న ధరకీ అమ్మిన ధరకీ ఉన్న తేడా మీదే పన్ను కట్టే వెసులుబాటు ఉంది, కేంద్ర జీఎస్టీ (సీజీఎస్టీ) నిబంధనల్లో 32(5). అందుకని చీర ఎవరి దగ్గర ఎంతకి కొన్నారో సంతకంతో చీటీ తీసుకుని దాచుకోండి.

చీరలమూట (ఐదు వారాల తర్వాత)

అందరికీ థాంక్స్. జరిగింది చెప్తాను.

పెట్టెలోపట్టు గారూ, నోట్‌బుక్ పెట్టాను. పాత చాటింగులన్నీ వెనక్కి వెళ్లి చదివాను. అడిగి కొననివాళ్లలో 26 మందికి మళ్లీ మెసేజ్ పెట్టి, 'అమ్మాలని కాదు, ఎందుకు వద్దనుకున్నారో చెబితే సరిదిద్దుకుంటాను' అన్నాను. పదిమంది జవాబిచ్చారు. జాకెట్టు సంగతి ముగ్గురన్నారు. ఐదుగురు చెప్పింది నా ఊహకే రాలేదు: పన్నా, అంటే చీర వెడల్పు! ఒకావిడ ఇంతకుముందు కొన్న చీర తన ఎత్తుకి చీలమండల పైకే ఉందట, కుచ్చెళ్లు దోపడానికి లేకుండా. ఆవిడ తన స్నేహితురాళ్లకి కూడా చెప్పిందట, పాత చీరలు కురచగా ఉంటాయని. టేపు పట్టుకుని పదమూడూ కొలిచాను. నాలుగు 44 అంగుళాలే ఉన్నాయి, మిగతావి 46, 47. ఇప్పుడు ప్రతి ఫొటో కిందా ధర, పొడవు, పన్నా రాస్తున్నాను. 44వి 'ఐదడుగుల రెండంగుళాల లోపువాళ్లకి' అని విడిగా పెట్టాను. వాటిలో మూడు పోయాయి, పొట్టివాళ్లకి ఇలా ప్రత్యేకంగా ఎవరైనా అమ్ముతారా అని ఒకమ్మాయి నవ్వుతూ కొనుక్కుంది.

కాలం చేసినావిడ చీరల కింద నిజం రాశాను. ఒకటి పోయింది. ఇద్దరు నన్ను అన్‌ఫాలో అయ్యారు.

మొత్తం పదమూడులో ఆరు పోయాయి. రూ.19,400 వచ్చింది. తిరిగొచ్చింది ఒకటి, రంగు నచ్చలేదట. సిద్దిపేట చెల్లీ, అది ట్యూబ్‌లైట్ కింద తీసిన పాత ఫొటో, మార్చడం మర్చిపోయాను. కొత్తగా డబ్బిచ్చి కొనడం ఆపేశాను. అమ్ముడుపోయాకే ఇచ్చే లెక్కన ఇద్దరు చీరలిచ్చారు.

ఒకటి మాత్రం మిగిలిపోయేలా ఉంది. మెంతిరంగు గద్వాల, నెమలికంఠం అంచు, పన్నా 44, కొంగు దగ్గర బఠాణీ గింజంత రఫ్ఫు. రూ.2,600 అంటే ఎవరూ పలకట్లేదు.

గద్వాలపిచ్చి

రఫ్ఫు కొంగుల లోపలికి పోతదా, పైన కనబడ్తదా?

పెట్టెలోపట్టు

ఆగు సిద్దిపేట పిల్లా, పెద్దదాన్ని ముందు నన్ను అడగనీ. అమ్మాయ్, ఆరేళ్లు అమ్మి పన్నా సంగతి నాకు తట్టలేదు చూడు. నేను నాలుగడుగుల పదంగుళాలు, నాకు ఏ చీరైనా నేలకి ఆనుతుంది మరి. ఆ గద్వాల కిటికీ దగ్గర ఫొటో తీసి పంపు. వీడియో కూడా. 2,600 ఇవ్వను, 2,200.

చీరలమూట

2,400 అండీ. జాకెట్టు గుడ్డ వేసి పంపిస్తాను.