గ్రూపులో ఎవరో పెట్టినదానికి అడ్మిన్‌ బాధ్యుడా?

చెరువుగట్టు:
మా ఊరి వాట్సాప్ గ్రూపులో 212 మంది ఉన్నారు. అడ్మిన్ని నేనే. మొన్న రాత్రి 11 గంటలకు ఒకాయన, గిన్నెలకు కళాయి పూసే అతని ఫోటో పెట్టి "పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు, కనబడితే వదలొద్దు" అని రాశాడు. నేను నిద్రలో ఉన్నాను. పొద్దున అయిదున్నరకు చూసి చెరిపేశాను. అప్పటికే పక్క ఊళ్ల గ్రూపులకు పాకింది. అతనికి ఏమన్నా అయ్యుంటే నా మీద కేసు పెట్టొచ్చా? అసలు పెట్టాలా? నాకైతే ఆ ఆరున్నర గంటల పాపం నాదే అనిపిస్తోంది.

బెజవాడ వకీలు:
చట్టం ప్రకారం మీ తప్పు లేదండీ. 2021లో బొంబాయి హైకోర్టు నాగపూర్ బెంచి, 2022 ఫిబ్రవరిలో కేరళ హైకోర్టు ఇదే తేల్చాయి. ఒకరి నేరం ఇంకొకరి నెత్తిన వేయాలంటే చట్టంలో ఆ మాట ఉండాలి, లేదా ఇద్దరూ కూడబలుక్కున్నారని రుజువవ్వాలి. అడ్మిన్లందరినీ బాధ్యులను చేస్తే ఊళ్లో గ్రూపు నడిపే టీచరూ ఆశా కార్యకర్తా రేపే మూసేస్తారు.

పాలమూరు పిల్ల:
వకీలు గారూ, ఆ తీర్పులు దేని మీద నిలబడ్డాయో కూడా చెప్పండి. మనుషుల్ని చేర్చుడు, తీసేసుడు తప్ప అడ్మిన్ చేతిలో ఏం లేదన్నరు. అప్పటికి నిజమే. కానీ ఎవరి మెసేజ్‌నైనా చెరిపేసే వీలు 2022లోనే, ఆ తీర్పుల తర్వాత, అడ్మిన్లకు వచ్చింది. చూసి కూడా చెరపనోణ్ని ఏమనాలె? 2018 మే నెలలో ఇదే పుకారుతో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను కొట్టి చంపిన్రు. మా దిక్కు గద్వాలలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి గారు ఊరూరికీ పోలీసుల్ని పంపి, పాటలు పాడించి మరీ నమ్మొద్దని చెప్పించిన్రు.

బెజవాడ వకీలు:
చూసి ఊరుకున్నవాడి సంగతి వేరమ్మా, అక్కడ మీతో ఏకీభవిస్తాను. కానీ చూశాడని రుజువేది? నా ఫోన్‌తో మా మనవడు ఆడుకుంటే, నేను చూడని మెసేజ్‌లు కూడా చదివినట్టే ఉంటాయి.

చెరువుగట్టు:
నిన్నటి నుంచి రాత్రి 10కి గ్రూపును అడ్మిన్లకే పరిమితం చేసి, పొద్దున 6కి తెరుస్తున్నాను. ముగ్గురు అలిగి వెళ్లిపోయారు. కళాయి అతను పదిహేనేళ్లుగా మా ఊరొస్తున్నాడని, మా అమ్మ బిందెకు కూడా అతనే పూశాడని గ్రూపులో రాశాను. ఫోటో పాకిన గ్రూపులన్నిటికీ అదే పంపించమన్నాను. ఈ ఆదివారం అతను రావాల్సిన రోజు. రాలేదు.