అప్‌డేట్: మా బాబు దాహం సంగతి తేలింది

మూడేళ్ల మావాడు రాత్రంతా నీళ్లడుగుతున్నాడు, షుగర్ లేదు, ఏంటిదని అడిగాను కదా. కూకట్‌పల్లిలో మొదట చూపించినచోట అలవాటే, నీళ్లు తగ్గించండి అన్నారు. మనసొప్పక తగ్గించలేదు, అదే మంచిదైంది.

కిడ్నీ డాక్టరు (నెఫ్రాలజిస్టు) తేల్చారు: నెఫ్రోజెనిక్ డయాబెటిస్ ఇన్సిపిడస్. చక్కెరతో సంబంధం లేదు. నీటిని ఒంట్లో ఆపమని చెప్పే వాసోప్రెసిన్ హార్మోన్ మాట కిడ్నీ వింటే ఆక్వాపోరిన్-2 అనే నీటి తలుపులు కణం పైపొరకొచ్చి నీటిని వెనక్కి తీసుకుంటాయి. వీడి కిడ్నీ వినదు, నీళ్లన్నీ మూత్రంలోనే పోతాయి, అందుకే అంత దాహం. ఆ హార్మోన్ మాటను కిడ్నీ కణానికి అందించే ఏవీపీఆర్2 జన్యువులో లోపమట, ఎక్స్ క్రోమోజోమ్‌ది, తల్లినైన నా నుంచే వచ్చింది. అత్తయ్యకింకా చెప్పలేదు.

విచిత్రమేంటంటే, మూత్రం పెంచే థయజైడ్ మందే వీడికి తగ్గిస్తోంది! ఉప్పు తగ్గించాం, ఆవకాయ బంద్. నాలుగుసార్లు లేచేవాడు ఇప్పుడు రెండుసార్లే. ఎప్పుడడిగినా నీళ్లివ్వమని ప్లేస్కూల్‌కి డాక్టర్ చీటీ ఇచ్చాం.