అప్‌డేట్: సెసమీ స్ట్రీట్ పాత భాగాల గురించి అడిగాను కదా

నా చిన్నప్పటి పిన్‌బాల్ అంకెల పాట, బొమ్మలతో తీసిన చిన్న చిన్న భాగాలు మా అమ్మాయి చూసే అమెరికా పిల్లల టీవీ కార్యక్రమం సెసమీ స్ట్రీట్‌లో ఎందుకు లేవని గత వారం అడిగాను. జవాబిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

మీరు చెప్పిన కారణం నిజమే. 2016లో గంట కార్యక్రమాన్ని అరగంటకు కుదించారు. ఆ పాత భాగాలకు అందులో చోటు తగ్గిపోయింది. పైగా 2022లో ఒక స్ట్రీమింగ్ సేవ సుమారు 200 పాత ఎపిసోడ్లను తీసేసింది.

అయితే అవి నాశనం కాలేదట! సుమారు 4,500 ఎపిసోడ్లను అమెరికా పబ్లిక్ బ్రాడ్‌కాస్టింగ్ (లాభాపేక్ష లేని ప్రసారాల) భాండాగారానికి ఇస్తున్నట్లు 2019లోనే ప్రకటించారు. కాకపోతే పూర్తిగా చూడాలంటే వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కో, బోస్టన్‌లోని జీబీహెచ్ ప్రసార సంస్థకో వెళ్లాలి.

నాకు అన్నింటికన్నా ముఖ్యమైనది 1983 నాటి హూపర్ గారి (అందులో దుకాణదారు పాత్ర) ఎపిసోడ్. ఆ పాత్రధారి విల్ లీ 1982లో మరణిస్తే మరో నటుణ్ణి పెట్టలేదు. హూపర్ గారు చనిపోయారని, ఇక తిరిగి రారని బిగ్ బర్డ్ అనే పెద్ద పసుపు పక్షి పాత్రకు పెద్దవాళ్లు మెల్లగా చెబుతారు. పసిపిల్లలతో అంత నిజాయితీగా మాట్లాడిన కార్యక్రమం నేను మరొకటి చూడలేదు. అది ప్రతి ఇంటికీ అందాలి.

వేసవిలో బోస్టన్ వెళ్తున్నాం. ముందుగా అనుమతి అడుగుతూ ఉత్తరం రాశాను.